వినైల్ లామినేషన్‌కు ఏది మేలు: చేతి మెషీనా, మోటారుదా, వేడి రోలరుదా?

ప్రింటర్ కొన్న కొత్తలో లామినేషన్ మెషీన్ గురించి, అంటే ప్రింటు మీద కాపుదలకు పారదర్శకమైన ఫిల్ము అంటించే మెషీన్ గురించి, ఎవరూ అడగరు. నాలుగు బోర్డులు వెలిసిపోయి, కస్టమర్లు తిరిగొచ్చాక అందరూ అదే అడుగుతారు: "అన్నా, చేతితో తిప్పేది చాలదా? మోటారుదే కొనాలా? అమ్మేవాళ్లేమో వేడి రోలర్ లేకపోతే డబ్బు దండగ అంటున్నారు." ఒక్కొక్కరికీ ఫోనులో విడిగా చెప్పే ఓపిక తగ్గిపోయింది కాబట్టి నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. నాలుగైదు అడుగుల వెడల్పు వినైల్ (వెనుక జిగురుండే ప్లాస్టిక్ షీటు) మీద పనిచేసేవాళ్ల కోసమే ఇది: దుకాణాల బోర్డులు, గాజు తలుపుల స్టిక్కర్లు, సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) మీద అంటించే పోస్టర్లు.

ముందు రెండింటిని పక్కన పెట్టేస్తాను. కాగితపు పోస్టర్లకు, పుస్తకాల అట్టలకు వాడే హాట్ లామినేషన్ వినైల్‌కు పనికిరాదు. ఆ ఫిల్ము జిగురు కరగాలంటే వంద డిగ్రీలకు అటూఇటుగా వేడి కావాలి. ఆ వేడికి వినైల్ మెత్తబడి ఆకారం తప్పుతుంది. ఇక ద్రవ లామినేషన్, అంటే వార్నిష్ పూత. ఫ్లెక్సుకు, కాన్వాసుకు బాగుంటుంది. చేతులు తగిలే చోట, తుడిచే చోట ఉండే స్టిక్కరుకు ఫిల్ము ఇచ్చేంత కాపుదల అది ఇవ్వదు.

మిగిలినవి మూడు. చక్రం చేతితో తిప్పే కోల్డ్ మెషీన్ (వేడి లేకుండా ఒత్తిడితోనే ఫిల్ము అంటించేది), మోటారుతో నడిచే కోల్డ్ మెషీన్, మోటారుతో పాటు పై రోలరును 40 నుంచి 60 డిగ్రీల దాకా వెచ్చబెట్టే మెషీన్. మూడోదాన్ని హాట్ లామినేటర్ అనుకుని జంకేవాళ్లున్నారు. అది వేరు, ఇది వేరు. ఇందులోనూ వాడేది అదే కోల్డ్ ఫిల్ము, ఒత్తితే అంటుకునే అదే జిగురు. ఆ వెచ్చదనం జిగురును కాస్త మెత్తబరచడానికే.

అమ్మేవాళ్లు కథంతా ఈ వేడి చుట్టూనే అల్లుతారు. ముదురు రంగుల మీద, ముఖ్యంగా నలుపు మీద, ఫిల్ము వేశాక సన్నటి తెల్లని మసక కనిపిస్తుంది. సిల్వరింగ్ అంటారు. ప్రింటు పైపొరలోని ఎగుడుదిగుడుల్లోకి జిగురు పూర్తిగా దిగక, మధ్యలో గాలి నలుసులు చిక్కుకోవడం వల్ల వచ్చేది అది. వేడి రోలర్ దాన్ని తగ్గిస్తుందనడంలో అబద్ధం లేదు. కాని ఈ సలహా ఎక్కువగా పనికొచ్చేది చలి దేశాల్లో. శీతాకాలంలో అక్కడి షెడ్డులో జిగురు బిగుసుకుపోతుంది, వెచ్చబెట్టక తప్పదు. ఏప్రిల్‌లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని షెడ్డులో ఆ పని సగం ఎండే చేసిపెడుతుంది. ప్రింటర్ ఉన్న ఏసీ గదిలోనే లామినేటరునూ పెట్టి, ఫిల్ము రోళ్లు కూడా రాత్రంతా అక్కడే ఉంచితే మాత్రం ఈ మాట మీకు వర్తించదు.

నన్నడిగితే తేల్చాల్సింది వేడి సంగతి కాదు, ఒత్తిడి సంగతి. అయిదడుగుల రోలర్ రెండు చివర్లలో ఎంత గట్టిగా నొక్కుతుందో నడుమ కూడా అంతే నొక్కుతుందా? తక్కువ ధర మెషీన్లలో రోలర్ సన్నగా ఉంటుంది, ఒత్తిడి పెంచే మరలేమో రెండు చివర్లలోనే ఉంటాయి. మసక వచ్చింది కదా అని ఆ మరలు ఇంకా బిగిస్తారు. అప్పుడు బట్టలారేసిన దండెం నడుమ సాగినట్టు పై రోలర్ మధ్యలో పైకి, కింది రోలర్ మధ్యలో కిందికి వంగుతాయి. అంచులు నలుగుతాయి, నడుమ వదులవుతుంది. ఫిల్ము మీద పొడవునా మడతలు పడతాయి, బోర్డు మధ్యలో తెల్లని పట్టీ మిగులుతుంది. కొన్నవాడు వేడి లేకపోవడమే లోపమనుకుంటాడు. రోలర్ వంగే మెషీనుకు వేడి తగిలించినా ఆ పట్టీ పోదు.

దీన్ని కొనే ముందే పరీక్షించవచ్చు. ఒకే రకం కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఎడమ చివర ఒకటి, నడుమ ఒకటి, కుడి చివర ఒకటి రోలర్ల మధ్య పెట్టి దించమనండి. మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి చేత్తో లాగి చూడండి. మూడూ ఒకే బిగువుతో ఉంటే మెషీన్ మంచిది. చివర్లవి రాకుండా నడుమది జారి వచ్చేస్తే, ఆ అమ్మకందారు ఎంత తగ్గించినా ఇంటికి తెచ్చుకోకండి. ఎడమ, కుడి పట్టీల్లో తేడా ఉంటే అంత భయం లేదు, మరలతో సరిదిద్దవచ్చు. గాలి ఒత్తిడితో రోలర్ దిగే మెషీన్లలో ఈ సరిదిద్దే పనే చాలావరకు తప్పుతుంది. కంప్రెసర్ చప్పుడు భరించాలి, అది వేరే సంగతి.

ఒత్తిడి తర్వాత వేగం. ఎంత వేగమన్నది అంత ముఖ్యం కాదు, ఆగకుండా ఒకేలా నడుస్తుందా అన్నది ముఖ్యం. రోలర్ ఆగిన ప్రతిచోటా ప్రింటు మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. చేతి చక్రంతో పదడుగుల బోర్డు నడుపుతుంటే తిప్పేవాడు పట్టు మార్చుకోవడానికి ఆగుతాడు, రెండోవాడు ఫిల్ము వెనుక కాగితం లాగలేక ఆగమంటాడు. మాట్ ఫిల్ములో ఆ గీతలు కొంత దాగుతాయి. గ్లాసీలో, అదీ ముదురు నీలం మీద, దాగవు. మోటారుకు కాలితో నొక్కే స్విచ్ ఉంటే రెండు చేతులూ వినైల్ మీదే ఉంటాయి, ఒక్కడే పని నడిపించగలడు. ఒక మనిషి కూలి మిగలడం ఒక్కటే చాలు మోటారువైపు మొగ్గడానికి.

చేతి మెషీనును తీసిపారేయడం లేదు. రెండడుగుల లోపు స్టిక్కర్లు, లేబుళ్లు, చిన్న సన్‌బోర్డు ముక్కలు చేసేవాళ్లకు అది చాలు. పొట్టి రోలర్ కాబట్టి వంగే సమస్య తక్కువ, కరెంటు పోయినా పని ఆగదు. అయిదడుగుల చేతి మెషీన్ మాత్రం నాకు ఎందుకో అర్థం కాని సరుకు. పెద్ద మెషీను చోటంతా తింటుంది, చిన్నదాని పనే చేస్తుంది.

మరి వేడి రోలర్ ఎవరికి? యూవీ ప్రింటర్ (ఇంకును అతినీలలోహిత కాంతితో గట్టిపరిచేది) ఉన్నవాళ్లకు. యూవీ ఇంకు ఇంకిపోదు, పైనే గట్టిపడి వేలికి తగిలేంత పొరగా నిలుస్తుంది. దాని ఎత్తుపల్లాల్లోకి జిగురు దిగాలంటే వెచ్చదనం నిజంగా కలిసొస్తుంది. రోజూ నలుపు, ముదురు రంగుల పనులే చేసేవాళ్లకూ అంతే. మిగతావాళ్లకు అది ఉంటే మంచిదే, దాని కోసం రోలర్ నాణ్యతలో రాజీపడవద్దు. ఒకే ధరలో సన్నటి రోలర్, వేడి ఉన్న మెషీన్ ఒకటి, లావాటి రోలర్, వేడి లేని మెషీన్ ఒకటి కనిపిస్తే నేను రెండోదే తెచ్చుకుంటాను. వేడి మెషీన్ మధ్యలో ఆగితే గీత ఇంకా లోతుగా పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఏ మెషీన్ కొన్నా సరిచేయలేని తప్పు ఒకటుంది. ఎకో సాల్వెంట్ ప్రింటు (సాల్వెంట్ అనే ద్రావకం కలిసిన ఇంకుతో వేసేది) ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కాని లోపలి సాల్వెంట్ బయటికి పోవడానికి కనీసం ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, ఇంకు దట్టంగా ఉంటే రెండు రోజులు. బిగుతుగా చుట్టిన రోలులో అది పోదు. వదులుగా చుట్టి నిలబెట్టాలి, లేదా వేలాడదీయాలి. తొందరపడి ఫిల్ము వేస్తే ఆ సాల్వెంట్ వినైల్‌నూ దాని వెనుక జిగురునూ మెత్తబరుస్తుంది. కొన్ని వారాలకు అంచులు లేస్తాయి, నింద మాత్రం లామినేటర్ మీద పడుతుంది. లాటెక్స్ ప్రింటు (నీటి ఆధారిత ఇంకుతో వేసేది) మెషీన్‌లోంచే ఆరి వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. సాయంత్రం ప్రారంభోత్సవం, బోర్డు మధ్యాహ్నానికే కావాలనే కస్టమరు మన ఊళ్లలో ఎప్పుడూ ఉంటాడు. అలాంటివాడికి రెండు మూడు రోజుల ముందు చెప్పాలని నేర్పడం ఏ మెషీనుకూ సాధ్యం కాదు.

అంచులు చుట్టుకుపోవడానికి ఇంకో కారణం ఫిల్ము రోలు వదులుగా తిరగకుండా పట్టే బ్రేకును అతిగా బిగించడం. సాగదీసి అంటించిన ఫిల్ము ఎండలో మళ్లీ తన కొలతకు రావాలని చూస్తుంది, వినైల్‌ను పైకి మడిచేస్తుంది. ముడత పడనంత బిగువు చాలు. వినైల్, ఫిల్ము ఒకే జాతివి కావడమూ అవసరం. కాస్ట్ వినైల్ (పెద్దగా కుంచించుకుపోని మేలు రకం) మీద చవక మోనోమెరిక్ ఫిల్ము (ఎక్కువగా కుంచించుకుపోయే రకం) వేస్తే, ఆ ఫిల్ము కుంచించుకుపోయేటప్పుడు ఖరీదైన వినైల్‌ను కూడా లాక్కుపోతుంది.

పాత మెషీన్ చూస్తున్నవాళ్లకు ఒక మాట. మోటారు శబ్దం విని సంతృప్తి పడకుండా, రోలరును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి రబ్బరు మీద అరచేయి ఆనించండి. రోలర్లను రాత్రుళ్లు ఎత్తకుండా ఒకదాని మీద ఒకటి నొక్కి ఉంచేసిన మెషీనులో ఒక చోట చదునుగా తగులుతుంది. రోలర్ మీదే బ్లేడుతో ఫిల్ము కోసిన మెషీనులో గాట్లు తగులుతాయి. ఆ రెండూ ప్రతి చుట్టుకూ ఒకసారి మీ ప్రింటు మీద అచ్చవుతాయి. రోలర్ మార్పిడికి అయ్యే ఖర్చు ముందే కనుక్కుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి.