బెత్తం లేని లెక్కల ట్యూషన్, గుంటూరు బ్రాడీపేట

మా పాప ఆరో తరగతి. బ్రాడీపేటలో ఒక మాస్టారు తన ఇంటి మేడ మీద నడిపే లెక్కల ట్యూషన్‌కి పోయిన ఏడాది నుంచి వెళ్తోంది. నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఐదోది ఎందుకు తగ్గించానో కింద రాస్తా. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం మాత్రం వేరే. "సారు బాగానే చెప్తాడు గానీ కొట్టడు, పిల్లలకి భయం లేదు" అని ఈ మధ్య కొందరు తమ పిల్లల్ని మాన్పించేశారు. వినగానే బాధేసింది, కోపం కూడా వచ్చింది.

నేను తొంభైల్లో పల్నాడు వైపు ఒక ఊరి హైస్కూల్లో చదివాను. కొట్టడానికి చింతబరికె తెమ్మని మాలోనే ఒకడిని పంపేవాళ్ళు, వాడు జాలిపడి విరిగిపోయే ఎండుపుల్ల తెస్తే మొదటి దెబ్బ వాడికే. గోడకుర్చీ, తొడపాశం, గుప్పిట మూయించి వేళ్ళ కణుపుల మీద చెక్క స్కేలు అంచుతో కొట్టడం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, అన్నీ చూశాం. తాతల కాలంలో వీధి బళ్ళలో కోదండం వేసేవాళ్ళట, అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి, దాంతో పోలిస్తే మీది నయం అనేవాళ్ళు ఇంట్లో. బళ్ళో చేర్చేటప్పుడే "కళ్ళు మాత్రం వదిలేసి తోలు వలిచేయండి మాస్టారూ" అని చెప్పి వచ్చేవాళ్ళు మరి, ఇంక ఇంటికెళ్ళి ఎవరికి చెప్పుకుంటాం.

ఆ దెబ్బలతో లెక్కలు వచ్చాయా అంటే, రాలేదు. తెలియనిది బయటపడకుండా దాచుకోవడం మాత్రం బాగా వచ్చింది. "అర్థమైందా" అంటే క్లాసు క్లాసంతా "అయింది సార్" అని అరిచేవాళ్ళం, ఎందుకంటే కాలేదన్నవాడు లేచి నిలబడాలి. నా పక్కన కూర్చునే కుర్రాడు లెక్కల టెస్టు ఉన్న రోజల్లా పొలానికి పోయేవాడు, తొమ్మిదిలో బడే మానేశాడు. "ఆ దెబ్బలే మనల్ని ఇంతవాళ్ళని చేశాయి" అని వాట్సాప్‌లో ఎవరైనా పెడితే నాకు వాడే గుర్తొస్తాడు. ఆ గ్రూపుల్లో ఉండేది గట్టెక్కినవాళ్ళే, వాడు లేడు కదా.

ఇక ఈ ట్యూషన్ సంగతి. ఒకరోజు పాపని తీసుకురావడానికి వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాను. ఒక పిల్ల బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని వేసింది. మా రోజుల్లో అయితే డస్టర్ ఎగిరొచ్చేది. ఈయన "సరే, 2/5 పెద్దదా, సగం పెద్దదా?" అని అడిగారు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి "సగమే పెద్దది సార్... అయ్యో, కలిపితే తగ్గింది!" అని తనే చెరిపేసి, ఆరుతో మొదలుపెట్టి 5/6 తెచ్చింది. ఎవరూ నవ్వలేదు. "నాలుగు తగిలించండి సార్, నేనేమీ అనుకోను" అని ఒకావిడ తన కొడుకు గురించి చెప్తే, "కొడితే అడగడం మానేస్తాడమ్మా, అప్పుడు వాడికేం రాదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. నాకు ఆ ఒక్క మాట చాలు.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే బళ్ళలో దెబ్బలు నిషేధించారు. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో, కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ అది బడులకు రాసిన చట్టం, మేడ మీద ట్యూషన్‌కి వచ్చి ఎవరు చూస్తారు? మనమే చూసుకోవాలి. పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే 1098కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

తగ్గించిన స్టార్ విషయం: గది ఇరుకు, కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, ఫీజు మూడు నెలలది ఒకేసారి కట్టమంటారు. సెలవు ఉంటే అదే రోజు మధ్యాహ్నం మెసేజ్ పెడతారు, ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి ఇది పెద్ద టెన్షన్. ఎనిమిదో తరగతి దాకానే చెప్తారు. చేర్చే ముందు ఒకరోజు కూర్చుని చూస్తామంటే కాదనరు, సాయంత్రం ఆరింటి బ్యాచ్‌కి వెళ్ళండి, అందులో పిల్లలు తక్కువ.