45 కిలోల యూరియా బస్తా: సంచి మీద అచ్చు కాని లెక్క

కొడవలూరు మండలంలో, కనిగిరి రిజర్వాయరు కాలువ కింద మాకున్న నాలుగెకరాల మాగాణికి ఈ రబీలో పన్నెండు బస్తాల వేపపూత యూరియా వేశాను. బస్తా 266 రూపాయల 50 పైసలు. తూకం సరిపోయింది, కుట్టు గట్టిగా ఉంది, గుళికలు గడ్డకట్టలేదు. పిలకల దశలో చల్లిన నాలుగైదు రోజులకే పైరు పచ్చబడింది. పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే కొన్నచోట, అవసరం లేకపోయినా మరో సీసా మందు కూడా తీసుకుంటేనే బస్తాలు ఇస్తామన్నారు. అది సరుకు తప్పు కాదు, అమ్మకం తీరులోని తప్పు.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం వేరు. సంచి మీద నత్రజని 46 శాతమని ఉంది, తూకం ఉంది, ధర ఉంది. ఈ బస్తా తయారీలోనూ వాడకంలోనూ గాలిలో కలిసి భూమిని వేడెక్కించే వాయువుల లెక్క మాత్రం ఎక్కడా లేదు. అందుకే నేనే వేసి చూశాను. 45 కిలోల యూరియాకు సుమారు 26 కిలోల అమ్మోనియా కావాలి. సహజవాయువుతో టన్ను అమ్మోనియా తయారైతే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కాబట్టి, బస్తాకు 46 కిలోల పైచిలుకు. ఇందులో 33 కిలోలు కర్మాగారం గొట్టం నుంచి పోదు; యూరియాలోనే కలిసి మన ఊరికి వచ్చి, మడిలో యూరియా విడిపోయినప్పుడు బయటపడుతుంది. దీనిపైన, మడిలోని నత్రజని నుంచి పుట్టే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు ఉంది. వరి మడికి వేసిన నత్రజనిలో సగటున 0.4 శాతం ఆ రూపంలో పోతుందని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) లెక్కగడుతుంది. నీరు నిలకడగా ఉన్న మడికి 0.3, మధ్యమధ్య ఆరబెట్టిన మడికి 0.5. ఈ వాయువు నూరేళ్ల కాలంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, బస్తాకు మరో 35 కిలోలతో సమానం. రెండూ కలిపితే 80 కిలోలకు పైనే. ఆవిరికీ రవాణాకూ అయ్యే ఇంధనం ఇందులో చేర్చలేదు. అంటే నా పన్నెండు బస్తాలకు దాదాపు ఒక టన్ను. ఇది తెలిశాక నాకు నిజంగా బాధ కలిగింది.

అమ్మోనియాను పరిశ్రమ స్థాయిలో మొదట తయారుచేసింది జర్మనీలోని బాస్ఫ్ కంపెనీ. 1913లో ఓపావ్‌లో ఆ కర్మాగారం మొదలైంది. అంత పాత, అంత పెద్ద రసాయన సంస్థ వాతావరణం విషయంలో ఏ మాట ఇచ్చిందో చూస్తే ఈ బస్తా లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. 2018లో ఆ సంస్థ వదిలిన ఇలాంటి వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కన, 2 కోట్ల 19 లక్షల టన్నులు. 2030 నాటికి దాన్ని 25 శాతం తగ్గిస్తామనీ, 2050 నాటికి నికర సున్నాకు (వదిలేదీ తిరిగి తొలగించేదీ సమానమయ్యే స్థితికి) చేరుస్తామనీ 2021లో ప్రకటించారు. ఆ 25 శాతం సొంత కర్మాగారాల పొగకూ, కొనుక్కునే విద్యుత్తు, ఆవిరికీ సంబంధించినది. రైతు మడిలో బయటపడేది అందులోకి రాదు. పొలానికి వేరే లక్ష్యం పెట్టుకున్నారు: 2030 నాటికి టన్ను పంటకు వెలువడే వాయువుల్లో 30 శాతం తగ్గింపు. మంచిదే, కానీ పుట్టికి ఇంత అని తగ్గినా పుట్లు పెరిగితే మొత్తం తగ్గుతుందన్న భరోసా లేదు. పైగా 2023లో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రెండు అమ్మోనియా యూనిట్లలో ఒకదాన్నీ, మరికొన్ని విభాగాలనూ మూసివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, దానివల్ల ఏటా 9 లక్షల టన్నులు తగ్గుతాయని చెప్పారు. అదే అమ్మోనియాను మరో దేశంలో మరొకరు గ్యాసుతోనే తయారుచేస్తే, తగ్గేది ఆ కంపెనీ ఖాతాలోనే తప్ప ఆకాశంలో కాదు. దీన్ని లక్ష్యసాధనగా లెక్కించడం నాకు సమ్మతం కాదు.

ఒక విషయంలో మాత్రం వారిని మెచ్చుకోవాలి. తాము అమ్మే సుమారు 45,000 ఉత్పత్తులకు ఒక్కొక్కదానికి కర్బన భారాన్ని లెక్కగట్టి, కొనుగోలుదారులకు అందించే పని పెట్టుకున్నారు. పరిశ్రమలకు ఇవ్వగలిగిన అంకెను యూరియా సంచి మీద అచ్చువేయడం ఏ తయారీదారుకైనా అసాధ్యం కాదు. ఈ మాట సొసైటీ దగ్గర అంటే ఒక పెద్దాయన, "అబ్బయా, పైరు ఎర్రబడితే ఆ అంకె వచ్చి కాపాడుతుందా?" అని అడిగారు. కాపాడదు. కానీ ఎకరాకు మూడో బస్తా నిజంగా అవసరమా అని ఆగి ఆలోచించేలా చేస్తుంది.

సరుకుగా చూస్తే అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు సంచి మీద లేని అంకె కోసం తగ్గించాను. రానున్న ఎడగారుకు (మా వైపు వేసే రెండో పంటకు) ఆకు పచ్చదనాన్ని బట్టి నత్రజని అవసరం చెప్పే ఆకు రంగు పట్టిక పెట్టి చూసి, పది బస్తాలతోనే సరిపెట్టే ప్రయత్నం చేస్తాను.