తాహోలో చలికాలపు చేపల వేటకు పాత పడవ కొనబోయే వారికి హెచ్చరిక

కాలిఫోర్నియాలో ఉంటూ, తాహో సరస్సులో చలికాలం ట్రోలింగుకు, అంటే నెమ్మదిగా నడిచే పడవ వెనుక గాలం లాగుతూ చేపలు పట్టడానికి, చిన్న పడవ కొనాలని చూస్తున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. శాక్రమెంటో పరిసరాల్లో పాత పడవలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర గత నవంబరులో 7,400 డాలర్లు ఇచ్చి 16 అడుగుల అల్యూమినియం పడవ కొన్నాను. 25 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజిను, నెమ్మదిగా లాగడానికి వేరే చిన్న ఇంజిను, గాలాన్ని లోతుకు దించే రెండు డౌన్‌రిగ్గర్లు, ట్రైలరు, అన్నీ కలిపి ‘తాహోకు సిద్ధం’ అని ప్రకటనలో ఉంది. జనవరిలో దానిని మొదటిసారి నీటిలోకి దింపిన రోజున నేనూ మా బావమరిదీ ఒడ్డు చేరామంటే అది దారిన పోతున్న మరో పడవవారి పుణ్యమే. దావా నడుస్తున్నందువల్ల వ్యాపారి పేరు ఇక్కడ చెప్పడం లేదు.

తాహో లోతు 1,645 అడుగులు. అంత నీరు ఉండబట్టే ఆ సరస్సు చలికాలంలో కూడా గడ్డకట్టదు, వేట ఏడాది పొడవునా సాగుతుంది. అక్కడి లేక్ ట్రౌట్‌ను స్థానికులు మాకినా అంటారు. 1974లో పట్టిన ఒకటి 37 పౌండ్లు దాటింది. ఆ ఆశతోనే మాలాంటి వాళ్లం తెల్లవారకముందే బయలుదేరి వెళ్తాం. సీసపు గుండుకు గాలపు తాడు తగిలించి వంద, రెండు వందల అడుగుల లోతుకు దించి, గంటకు మైలున్నర వేగంతో, అంటే మనిషి తీరిగ్గా నడిచే వేగం కన్నా తక్కువలో, గంటల తరబడి పడవను లాగించాలి. కొనేవారు ముందుగా అర్థం చేసుకోవలసింది ఇదే. ఇంజిను ఎంత జోరుగా పరుగెత్తుతుందన్నది ఈ వేటకు ముఖ్యం కాదు. చలిలో, కనిష్ఠ వేగంలో, ఆగకుండా ఎంతసేపు తిరుగుతుందన్నదే ముఖ్యం. నాకు దానిని ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

కొన్న రోజున నేను వెళ్లేసరికి ఇంజిను పైమూత వెచ్చగా ఉంది. నాకోసమే ముందుగా సిద్ధం చేసి ఉంచారనుకుని సంతోషించాను. పెరటి గొట్టంతో ఇంజినుకు నీళ్లు పట్టి, ఒక్క తిప్పుకే నడిపి చూపించారు. పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బొరేటరు సగం పూడుకుపోయిన ఇంజిను కూడా వేడిగా ఉన్నప్పుడు చక్కగా నడుస్తుందని అప్పటికి నాకు తెలియదు. పడవ వెనుక గోడకు, అంటే ఇంజిను బిగించే ట్రాన్సమ్‌కు, కొత్తగా బూడిదరంగు పెయింటు వేసి ఉంటే అది శ్రద్ధకు గుర్తనుకున్నాను. పరీక్షకు ఎక్కడైనా నీటిలో దింపి చూపించమంటే, చలికాలం కాబట్టి రేవులన్నీ మూసి ఉన్నాయన్నారు. దగ్గర్లోనే ఫోల్సమ్ సరస్సు ఉండగా ఆ మాట ఎలా నమ్మానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తాహోలో పడవ దింపడానికి ముందు తనిఖీ తప్పనిసరి. వేరే నీటి నుంచి నత్తగుల్లల వంటి హానికర జీవులు రాకుండా అక్కడివారు గట్టిగా చూస్తారు. ఆ తనిఖీలోనే మొదటి దెబ్బ తగిలింది. నాకు అంటగట్టిన చిన్న ఇంజిను కార్బొరేటరు ఉన్న పాత టూస్ట్రోక్ ఇంజిను. అలాంటివాటిని తాహోలో 1999 నుంచే నిషేధించారు. ప్రకటనలో ‘తాహోకు సిద్ధం’ అని రాసిన వ్యాపారికి ఇరవై ఏళ్లు దాటిన ఈ నియమం తెలియదంటే నేను నమ్మను. దానిని విప్పి కారులో పెట్టి, పెద్ద ఇంజినుతోనే వెళ్దామనుకున్నాం. అలా చేయడం నా తప్పు. పెద్దది ఆగితే ఒడ్డుకు చేర్చవలసింది ఆ చిన్నదే కాబట్టి, అది లేదని తేలిన క్షణమే ఇంటిదారి పట్టి ఉండవలసింది.

కేవ్ రాక్ రేవు నుంచి బయలుదేరి, గుండు 150 అడుగులకు దించి లాగిస్తున్నాం. గంట గడవకముందే ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ అందుకోలేదు. అప్పుడే కాళ్ల కింద నీళ్లు కనిపించాయి. ఇంజిను బిగించిన బోల్టుల దగ్గర నుంచి నీరు సన్నగా కారుతోంది. నీరు తోడే పంపు స్విచ్ వేస్తే చప్పుడు కూడా రాలేదు. ఈలోగా నైరుతి గాలి లేచింది. కేవ్ రాక్ తూర్పు ఒడ్డున ఉంది. అటునుంచి గాలి వీస్తే 12 మైళ్ల వెడల్పు సరస్సు మీద పెరిగిన అలలన్నీ ఆ రాళ్ల మీదికే వస్తాయి. మా బావమరిది డబ్బాతో నీరు తోడుతూ ఉంటే నేను తెడ్డుతో పడవ ముక్కును అలలకు ఎదురుగా నిలబెట్టడానికి పెనుగులాడాను. నలభై నిమిషాల తరువాత వేటకు వచ్చిన మరో పడవవారు మమ్మల్ని చూసి, తాడు విసిరి, రేవుదాకా లాక్కొచ్చారు. లైఫ్ జాకెట్లు పొద్దున్నుంచీ ఒంటిమీదే ఉన్నాయి. ఆ రోజు మేం సరిగ్గా చేసిన పని అదొక్కటే.

గోదావరిలోనో కృష్ణలోనో ఈదులాడి పెరిగినవాళ్లకు, పడితే ఈదుకుంటూ ఒడ్డు చేరవచ్చనే ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. చలికాలంలో తాహో పైనీరు 5 డిగ్రీల సెంటీగ్రేడు దాకా దిగుతుంది. అంత చల్లని నీటిలో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది. దానిని నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినమాట వినే సమయం సుమారు పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఇంచుమించు ఒక గంట అని ఇక్కడ పడవ పాఠాల్లో చెబుతారు. 2025 జూన్ 21న, వేసవిలోనే, ఇదే సరస్సులో హఠాత్తుగా లేచిన గాలివానకు 27 అడుగుల పడవ తిరగబడి అందులోని పదిమందిలో ఎనిమిదిమంది చనిపోయారు. 16 అడుగుల పడవలో ఉన్నవారికి ఆ సంగతి ఎప్పుడూ గుర్తుండాలి.

తిరిగి వచ్చాక వేరే మెకానిక్ పడవను విప్పి చూపించారు. ట్రాన్సమ్ పైకి అల్యూమినియమే కానీ లోపల ప్లైవుడ్ చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా ఏళ్ల తరబడి నీరు చేరి, ఆ చెక్క నానబెట్టిన అటుకుల్లా చేతికి వచ్చేసింది. ఆ కొత్త పెయింటు, దాని కింద పూసిన లప్పం దానిని దాచడానికే. నేల పలక కింద ఉండే ఫోమును పిండితే నీళ్లు కారాయి. పడవ నీటితో నిండినా మునగకుండా తేల్చి ఉంచవలసినది ఆ ఫోమే. అదే నీరు పీల్చుకుని ఉంది కాబట్టి, ఆ రోజు పడవ నిండి ఉంటే మమ్మల్ని నిలబెట్టేది కాదు. కార్బొరేటరులో నెమ్మది వేగానికి పెట్రోలు అందించే సన్నని రంధ్రాలు, ఎథనాల్ కలిసిన పాత పెట్రోలు నిలవ ఉండి, జిగురుతో పూడిపోయాయి. గేరు నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది, అంటే అందులోకీ నీరు దిగింది. కొండమీద రాత్రి ఆరుబయట ఉంచితే ఆ నీరు గడ్డకట్టి గేరు పెట్టె పగిలిపోయేదని ఆయన అన్నారు.

అందుకని, కొనబోయేవారు ఇంజిను చల్లగా ఉండగానే చూస్తామని ముందుగానే చెప్పండి. వెళ్లగానే పైమూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని వెనక్కి వచ్చేయండి. గొట్టం నీళ్లతో చూపిస్తే సరిపోదు, సరస్సులోనో నదిలోనో దింపించి, కనీసం ముప్పావుగంట ట్రోలింగు వేగంలోనే నడిపించండి. అక్కడ బాగా నడిచినా తాహో 6,225 అడుగుల ఎత్తున ఉందని మరవకండి. వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం చొప్పున ఇంజిను బలం తగ్గుతుంది. ఇంజినును పైకి లేపి దాని మీద బరువు మోపి ఊపండి. ట్రాన్సమ్ కదిలినా, స్క్రూడ్రైవరు పిడితో తట్టినప్పుడు గట్టి చెక్క చప్పుడుకు బదులు మెత్తగా వినిపించినా బేరం అక్కడే ఆపేయండి. గేరు నూనె ఒక చుక్క తీయించండి. ట్రైలరుతో సహా లారీలు తూచే కాటా మీదికి తీసుకువెళ్తే, కంపెనీ చెప్పిన బరువుకన్నా వందల పౌండ్లు ఎక్కువ వచ్చినప్పుడు ఫోములో నీరుందని అనుమానించవచ్చు. రెండో ఇంజిను ఉంటే అది తాహోలో చెల్లుతుందో లేదో తనిఖీ కేంద్రానికి ఫోన్ చేసి మీరే కనుక్కోండి, అమ్మేవారి మాట మీద ఆధారపడకండి. పడవకూ ట్రైలరుకూ కాగితాలు వేరువేరు. రెండింటి నంబర్లూ సరిచూసుకోండి.

నేను వెళ్లి అడిగితే, ‘ఉన్నది ఉన్నట్టుగా’ కొంటున్నానని నేను సంతకం చేసిన వాక్యాన్ని వ్యాపారి చూపించారు. ఆ కాగితం ఎంత తొందరలో ముందు పెట్టారో నాకు గుర్తుంది. అయినా ప్రకటనలో రాసిన మాట, పెయింటు కింద దాచిన చెక్క ఫోటోలు, మెకానిక్ రాతపూర్వకంగా ఇచ్చిన నివేదిక జతచేసి చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో దావా వేశాను. ఈ రాష్ట్రంలో వ్యక్తులు 12,500 డాలర్ల వరకు లాయరు లేకుండానే అక్కడ అడగవచ్చు. ప్రకటన కూడా సాక్ష్యమే కాబట్టి, తొలగించకముందే దాని ఫోటో తీసి ఉంచుకోండి. తీర్పు ఇంకా రాలేదు, పడవను సాక్ష్యంగా షెడ్డులోనే ఉంచాను. ఆ రోజు నేను బయటికి వస్తుండగా ఆ వ్యాపారి ఆవరణలో, ట్రాన్సమ్‌కు అదే బూడిదరంగు కొత్తగా పూసిన అల్యూమినియం పడవలు మరో రెండు అమ్మకానికి ఉన్నాయి.