సెప్టిక్ ట్యాంకా, మురుగునీటి శుద్ధి కేంద్రమా?

విజయవాడ మీదుగా పారే ఏలూరు, రైవస్, బందరు కాలువలే దిగువన డెల్టా పొలాలకు నీరందిస్తాయి కనుక, ఇంటి మురుగు ఎటు పోతోందో పట్టించుకోక తప్పదు. సెప్టిక్ ట్యాంకులో బరువైన మలినం మడ్డిగా అడుగున పేరుకుంటుంది గానీ, పైకి తేరిన నీటిలో కరిగిన మలినమూ రోగక్రిములూ చాలావరకు మిగిలే ఉంటాయి. ఆ నీరు ఇంకుడు గుంతకు కాక వీధి కాలువకు పోతే ముప్పే. శుద్ధి కేంద్రంలోనైతే, అడుగు నుంచి బుడగలుగా గాలి ఊదే తొట్టెలో బ్యాక్టీరియా ఆ కరిగిన మలినాన్ని తిని గోధుమరంగు ముద్దలు కడుతుంది. అవి మరో తొట్టెలో అడుగుకు దిగాక, పైనీటికి క్లోరిన్ కలిపి వదులుతారు. సక్రమంగా నడిస్తే సేంద్రియ కాలుష్యం 85 శాతానికి పైగా తగ్గుతుంది, కాలువలో చేపలకు ప్రాణవాయువు మిగులుతుంది. కరెంటు పోతే గాలి ఆగుతుంది, నిజమే. అయినా ఇరుకు వీధుల నగరానికి నేను శుద్ధి కేంద్రాన్నే కోరతాను, ప్రతి ఇంటికీ భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ ఉండాలన్న షరతుతో.