పెద్ద హాలుకి ప్రొజెక్టర్: ల్యాంపా లేజరా, ఒకటా రెండా?

"ఎన్ని ల్యూమెన్లది తేవాలి?" పెద్ద హాల్లో కార్యక్రమం అనగానే అందరూ ముందుగా అడిగేది ఇదే (ల్యూమెన్లంటే ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత). నన్నడిగితే ఇది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది మెషీన్ ఎక్కడ కూర్చుంటుందన్నది. తెర నుంచి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు, దాని ముందు నుంచి ఎవరెవరు నడుస్తారు, మధ్యలో ఏదైనా తేడా వస్తే చెయ్యి అందుతుందా? ఇవి తేలితే మిగతా సందేహాలు సగం వాటంతటవే తీరిపోతాయి. చోటు చూడకుండా మెషీన్ తెచ్చుకున్నవాళ్లు తర్వాత ఆ మెషీన్‌కి సరిపడే చోటు కోసం హాలంతా టేపు పట్టుకుని తిరుగుతుంటారు. ఒకప్పుడు నేనూ తిరిగాను.

అయినా ల్యూమెన్ల సంగతి ముందే చూసేద్దాం. తర్వాత చెప్పేవాటికి ఈ లెక్క పనికొస్తుంది.

తెర 6 మీటర్ల వెడల్పు, 3.75 మీటర్ల ఎత్తు అనుకుందాం. అంటే 22.5 చదరపు మీటర్లు. 10,000 ల్యూమెన్ల వెలుగంతా దాని మీద సమంగా పరుచుకుంటే తెర మీద పడేది సుమారు 444 లక్స్, అంటే ఒక్కో చదరపు మీటరుకి 444 ల్యూమెన్లు. హాల్లోని లైట్ల వల్ల అదే తెర మీద 50 లక్స్ పడుతోందనుకోండి. తెల్లగా కనిపించాల్సిన చోట 494, నల్లగా కనిపించాల్సిన చోట 50. రెంటికీ నిష్పత్తి దాదాపు 10:1. ప్రొజెక్టర్ నలుపులోంచి కారే కాస్త వెలుగుని ఇందులో కలపలేదు.

ఇది చాలా? ఆడియో విజువల్ రంగంలో వాడే ఇన్ఫోకామ్ 2011 ప్రమాణం ప్రకారం, ఊరికే చూసి విషయం అర్థం చేసుకునే బొమ్మలకి కనీసం 7:1 ఉండాలి. చదివి నిర్ణయం తీసుకోవాల్సిన స్లయిడ్లకి 15:1, సన్నటి వివరాలు పరిశీలించాల్సిన చిత్రాలకి 50:1, సినిమాలాంటి వీడియోకి 80:1 కావాలి. మన 10:1 స్వాగతం బ్యానర్ చూపించడానికి బాగానే ఉంటుంది, అంకెల పట్టికకి చాలదు.

15:1 రావాలంటే రెండు దారులున్నాయి. లైట్లు అలాగే వదిలేసి దాదాపు 15,750 ల్యూమెన్ల మెషీన్ తేవడం ఒకటి. తెరకి దగ్గరగా ఉన్న వరస లైట్లు ఆపి, ఆ 50 లక్స్‌ని 30కి దించడం రెండోది. రెండో దారికి స్విచ్చు నొక్కితే సరిపోతుంది. ఇక సినిమాకి కావాల్సిన 80:1ని ఆ లైట్లలోనే సాధించాలంటే దాదాపు 89,000 ల్యూమెన్లు పడతాయి. హాలు చీకటి చేసి 5.6 లక్స్‌కి దించితే అదే 10,000 ల్యూమెన్ల మెషీన్ చాలు. అందుకే మెషీన్ ఎంచుకునే ముందు లక్స్ మీటర్‌తో హాలుకి వెళ్లమంటాను. అదీ కార్యక్రమం ఏ వేళకో ఆ వేళకే వెళ్లాలి. సాయంత్రం రిహార్సల్లో కళ్లు చెదిరేలా కనిపించిన బొమ్మ, మర్నాడు పదింటికి పై కిటికీల్లోంచి ఎండ పడగానే మాయమైపోవడం నేను చూశాను. ఆ రోజు నా చేతిలో మీటర్ లేదు, మొహంలో రంగూ లేదు.

ల్యాంపా, లేజరా?

ఈ పోటీ చాలావరకు ముగిసిపోయింది, కొత్తగా కొనేవాళ్లకి లేజరే మేలు. అయితే కారణం చాలామంది అనుకునే కాంతి నాణ్యత కాదు, ఓపిక.

ల్యాంపు మెషీన్ల మీద రాసి ఉండే ల్యూమెన్లు కొత్త ల్యాంపువి. ల్యాంపు ఆయుష్షు అంటే అది సగం వెలుగుకి పడిపోయే సమయం. పాదరసం ల్యాంపులకి ఇది సాధారణంగా కొన్ని వేల గంటలు, జినాన్ ల్యాంపులకి ఇంకా తక్కువ. లేజర్-ఫాస్ఫర్ మెషీన్లలో నీలి లేజర్ డయోడ్ల కాంతి పసుపు ఫాస్ఫర్ (కాంతి పడితే తానూ వెలిగే పదార్థం) మీద పడి మిగతా రంగులు పుడతాయి. వీటికి సగం వెలుగుకి చేరే సమయం సాధారణంగా 20,000 గంటలని చెబుతారు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున వాడితే 2,500 రోజులు. 2,000 గంటల ల్యాంపు అదే వాడకంలో 250 రోజులకే సగమవుతుంది. కాబట్టి అద్దెకి తెచ్చుకునే ల్యాంపు మెషీన్ డబ్బా మీద 10,000 అని ఉన్నా తెర మీద ఆరేడు వేలే ఉండొచ్చు. మెనూలో ల్యాంపు ఎన్ని గంటలు తిరిగిందో కనిపిస్తుంది. అది చూడకుండా మెషీన్ దించుకోకండి.

రెండో తేడా కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. ఒక్క క్షణం కరెంటు పోయి వచ్చినా వేడి పాదరసం ల్యాంపు వెంటనే వెలగదు, అది చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాల్సిందే. నిండు సభలో ఆ నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఒకసారి అనుభవించినవాళ్లకే తెలుసు. లేజర్‌కి ఆ చల్లారే గొడవ లేదు. మెషీన్ మళ్లీ బూట్ అవగానే బొమ్మ వస్తుంది. దాన్ని నిలువుగా, తలకిందులుగా ఎలా పెట్టినా చాలా మోడళ్లు ఒప్పుకుంటాయి. ల్యాంపు మెషీన్లకి వంపులో పరిమితులుంటాయి.

మరి ల్యాంపుకి మార్కులే లేవా? ఉన్నాయి. ల్యాంపు పోతే స్పేర్ ఉంచుకుని అక్కడికక్కడే మార్చుకోవచ్చు. లేజర్ ఇంజిన్ పాడైతే మెషీన్ సర్వీసుకి పోవాల్సిందే. ఏడాదికి పదిసార్లు తెరుచుకునే హాలుకి, చేతిలో బాగున్న ల్యాంపు మెషీన్ ఉండగా, దాన్ని తీసి లేజర్ కొనమని నేను చెప్పను.

భద్రత విషయంలో మాత్రం జనం భయపడేది ఒకటి, భయపడాల్సింది ఇంకొకటి. లేజర్ అనగానే కంటి గురించి టెన్షన్ పడతారు. ల్యాంపు అంటే మామూలు బల్బులాగే చూస్తారు. నిజానికి జినాన్ ల్యాంపులో వాయువు చల్లగా ఉన్నప్పుడు కూడా గట్టి ఒత్తిడిలో ఉంటుంది. చేయి జారితే గాజు పెంకుల్లా పేలుతుంది. దాన్ని శిక్షణ ఉన్నవాళ్లే మార్చాలి, ముఖానికి కవచం, చేతులకి దళసరి గ్లవ్స్, మెడ ఛాతీ కప్పే జాకెట్ ఉండాల్సిందే. పాదరసం ల్యాంపు చల్లారితే అంత ప్రమాదం కాదు కానీ, వెలుగుతున్నప్పుడు లోపల ఒత్తిడి 200 వాతావరణాల దాకా పోతుంది. అది పగిలితే ముందు మనుషుల్ని బయటికి పంపి గాలి ఆడనివ్వాలి, పెంకులు ఏరడం తర్వాత.

ఇక కంటి సంగతి. ప్రొజెక్టర్ల కాంతి ప్రమాదానికి ఐఈసీ 62471-5 అనే అంతర్జాతీయ ప్రమాణం 2015లో వచ్చింది. అది ల్యాంపుకీ లేజర్‌కీ ఒకేలా వర్తిస్తుంది, ఎందుకంటే లెన్స్‌లోంచి బయటికొచ్చే కాంతి ఎంత తీవ్రంగా ఉందన్నదే దానికి ముఖ్యం. రిస్క్ గ్రూప్ 2 అంటే కళ్లు చెదిరి మనం రెప్ప వేసి తల తిప్పుకునే లోపు హాని జరగదు. రిస్క్ గ్రూప్ 3 అంటే క్షణకాలం చూసినా ప్రమాదమే. ఇలాంటి మెషీన్ల మాన్యువల్లో ప్రమాద దూరం ఇస్తారు. లెన్స్ నుంచి అంత దూరం వరకు కాంతి దారిలోకి ఎవరి కళ్లూ రాకూడదు. చాలామంది పట్టించుకోని విషయం ఏమిటంటే, ఈ దూరం మెషీన్‌తో పాటు లెన్స్‌ని బట్టి కూడా మారుతుంది. దూరం నుంచి కొట్టే లెన్స్ కాంతిని సన్నగా పోగేస్తుంది కాబట్టి ప్రమాద దూరం పెరుగుతుంది. పొట్టి లెన్స్‌తో గ్రూప్ 2లో ఉన్న మెషీన్, పొడుగు లెన్స్ తగిలించగానే గ్రూప్ 3లోకి పోవచ్చు.

మళ్లీ చోటు దగ్గరికే వచ్చాం. బాల్కనీలో ముందు వరస వెనక మెషీన్ పెడితే, ఆ వరస వాళ్లు లేచి నిలబడగానే తల సరిగ్గా కాంతిలోకి వస్తుంది. పైన ట్రస్‌కి (లైట్లు వేలాడదీసే లోహపు చట్రానికి) వేలాడదీస్తే ఆ బాధ లేదు. కానీ ఫోకస్ సరిచేయాలన్నా, ఫిల్టర్ తుడవాలన్నా నిచ్చెన కావాలి. నేనైతే పైకే ఓటేస్తాను, కాకపోతే రిమోట్ కంట్రోల్ లైను వేశాకే. పైన ఉండేది 20,000 ల్యూమెన్ల తరగతి అయితే దాదాపు 50 కిలోల బరువు. ప్రధాన బిగింపు కాక విడిగా సేఫ్టీ కేబుల్ ఉండాలి. అది ఫ్రేమ్‌కి కట్టాలి గానీ మోసే హ్యాండిల్‌కి కాదు. ట్రస్ ఎంత బరువు మోస్తుందో దాని యజమాని కాగితం మీద రాసివ్వాలి. "ఏం కాదు సార్, నిలబడుతుంది" అన్నమాట లెక్కలోకి రాదు.

ఒక పెద్దదా, రెండు చిన్నవా?

20,000 ల్యూమెన్లు కావాలి. ఒకే మెషీన్ తేవాలా, 10,000వి రెండు తెచ్చి ఒకదాని బొమ్మ మీద ఇంకోదాని బొమ్మ పడేలా స్టాక్ చేయాలా?

కాగితం మీద రెండు మెషీన్లే గెలుస్తాయి. ఒకటి ఆగినా వెలుగు సగమవుతుందే తప్ప తెర నల్లబడదు. లేజర్‌లో ఇది అవసరం లేదనే వాదన ఒకటుంది. డయోడ్లు చాలా ఉంటాయి, కొన్ని పోయినా కాస్త మసకబడుతుంది అంతే కదా అంటారు. డయోడ్ల వరకు అది నిజమే. పవర్ సప్లై, మెయిన్ బోర్డు, ఫాస్ఫర్ చక్రాన్ని తిప్పే మోటారు మాత్రం చాలా మెషీన్లలో ఒక్కొక్కటే ఉంటాయి. వాటిలో ఏది ఆగినా బొమ్మ పోతుంది.

కష్టమంతా అలైన్‌మెంట్‌లో, అంటే రెండు బొమ్మల్నీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కలపడంలో ఉంది. 6 మీటర్ల తెర మీద అడ్డంగా 1920 పిక్సెళ్లంటే ఒక్కో పిక్సెల్ 3 మిల్లీమీటర్ల పైచిలుకు. మెషీన్ 9 మీటర్ల దూరంలో ఉంటే, అది డిగ్రీలో యాభయ్యో వంతు కదిలినా బొమ్మ ఒక పిక్సెల్ జరిగిపోతుంది. అంత మాత్రానికే చిన్న అక్షరాలకి నీడ వచ్చినట్టుంటుంది, చూసేవాళ్లు కళ్లద్దాలు తుడుచుకుంటారు. స్కాఫోల్డింగ్ మీద స్టాక్ పెట్టి, దాని మీదకి కెమెరా మనిషి ఎక్కితే ఇక చెప్పక్కర్లేదు. రెండింటికీ ఒకే మోడల్ లెన్స్ ఉండాలి. అరగంటైనా వేడెక్కనిచ్చాకే గ్రిడ్ బొమ్మ వేసి కలపాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు కలిపిన గీతలు వేడెక్కాక విడిపోతాయి. ముందు లెన్స్ షిఫ్ట్‌తో (మెషీన్ కదపకుండా లెన్స్‌నే జరిపి) దగ్గరికి తెచ్చి, మిగిలిన కొంచెం తేడాకే వార్ప్ (బొమ్మని డిజిటల్‌గా సాగదీయడం) వాడాలి. మొత్తం వార్ప్‌తోనో, వంకర బొమ్మని డిజిటల్‌గా సరిచేసే కీస్టోన్‌తోనో లాగితే పిక్సెళ్లూ వెలుగూ రెండూ పోతాయి.

కాబట్టి నా తీర్పు ఇది. కింద గట్టి నేల, సెట్టింగ్‌కి సగం రోజు సమయం, మధ్యలో ఆపలేని కార్యక్రమం ఉంటే రెండు పెట్టండి. ఉదయం దించి మధ్యాహ్నానికి మొదలుపెట్టాలంటే ఒక్క పెద్దదే తెండి. స్పేర్ ఉండి తీరాలనుకుంటే, రెండోదాన్ని అలైన్ చేసి షట్టర్ (లెన్స్‌లోంచి కాంతి రాకుండా మెషీన్ లోపల అడ్డుపడే తలుపు) మూసి ఉంచే మధ్యదారి కూడా ఉంది. మొదటిది ఆగగానే దీని షట్టర్ తెరుస్తారు. వెలుగు తగ్గినా అక్షరాలు ఎప్పుడూ పదునుగా ఉంటాయి. స్లయిడ్లకి నాకు బాగా నచ్చేది ఇదే.

ముందు నుంచా, వెనక నుంచా?

వేదిక వెనక చోటుంటే తెర వెనక నుంచే. ఉపన్యాసకుడి కళ్లలోకి కాంతి పడదు, నీడా పడదు, ప్రమాద దూరం జనానికి తెర అవతలే ఉండిపోతుంది. కానీ చాలా హాళ్లలో ఆ చోటు ఉండదు. 1.5 నిష్పత్తి లెన్స్‌కి (తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరం కావాల్సినది) 6 మీటర్ల తెరకి 9 మీటర్లు కావాలి. 0.8 లెన్స్ వేస్తే 4.8 మీటర్లలో సరిపోతుంది, కానీ పక్కల కూర్చున్నవాళ్లకి తెర మధ్యలో ఒక మెరుపు మచ్చ కనిపించే అవకాశం పెరుగుతుంది. వెనక చీకటిగా కూడా ఉండాలి, అటు టీ కప్పులతో తలుపు తెరుచుకుంటూ తిరిగేవాళ్లని ఆపడానికి ఒక మనిషిని పెట్టాలి.

వైర్ల గురించి రెండు ముక్కలు. దూరం ఎక్కువైతే మామూలు హెచ్‌డీఎంఐ వైరుని నమ్ముకోవద్దు. 100 మీటర్ల వరకు హెచ్‌డీబేస్‌టీ (నెట్‌వర్క్ కేబుల్ మీద వీడియో పంపే పద్ధతి), అంతకు మించితే ఫైబర్. కరెంటు లైను లైటింగ్ డిమ్మర్ల నుంచి ఎప్పుడూ తీసుకోకూడదు. స్టేజీ మీద లేజర్ షో ఉంటే దాని కిరణాలు ప్రొజెక్టర్ లెన్స్ వైపు తిరగకుండా ముందే మాట్లాడుకోండి. ఒక్క కిరణం లోపలి చిప్‌ని కాల్చేయగలదు.

చివరిగా షట్టరా, నల్ల స్లయిడా, మూతా అన్న పోటీ. నవ్వొచ్చినా చెప్పాల్సిందే. ఉపన్యాసాల మధ్య తెర ఖాళీగా ఉండాలంటే నల్ల స్లయిడ్ వేస్తే బూడిద రంగు దీర్ఘచతురస్రం కనిపిస్తూనే ఉంటుంది. షట్టర్ మూస్తే కాంతి బయటికే రాదు, మనిషి ముందుకి వెళ్లాల్సి వస్తే అదే కాపాడుతుంది. లెన్స్ మార్చాలంటే మాత్రం షట్టర్ కూడా చాలదు, మెషీన్ పూర్తిగా ఆపాల్సిందే. ఇక మూత. ఒక కార్యక్రమంలో సిగ్నల్ పోయి నీలం తెర వచ్చింది. నేను వేదిక వెనక వైరు చూస్తుండగా, సాయం చేద్దామని ఒక కుర్రాడు లెన్స్‌కి అట్టముక్క అడ్డం పెట్టాడు. నేను తిరిగొచ్చేసరికి అట్ట మధ్యలో గోధుమ రంగు గుండ్రం, సన్నగా పొగ. లెన్స్ బతికింది. అప్పట్నుంచి షట్టర్ బటన్ మీద ఎర్ర టేపు ముక్క అంటించి, మెషీన్ దగ్గర నిలబడే ప్రతి ఒక్కరి చేతా దాన్ని రెండుసార్లు నొక్కించాకే హాలు తలుపులు తెరవనిస్తున్నాను.