ఒంటి వరస డిస్క్ గోల్ఫ్ బాస్కెట్: లోపలి గొలుసులు వేయడం మేలా, దొడ్డు గొలుసులకు మార్చడం మేలా?

డిస్క్ గోల్ఫ్ అంటే పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరి బాస్కెట్‌లో వేసే ఆట. బాస్కెట్ అంటే నడిమి పైపు చుట్టూ పై చట్రం నుంచి గొలుసులు వేలాడి, కింద బుట్ట ఉండే స్టాండు. ప్రాక్టీస్‌కు పన్నెండు గొలుసుల చవక బాస్కెట్ కొన్నవాళ్లు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. డిస్క్ సరిగ్గా నడిమికే తగిలినా నిలవడం లేదు, ఏం మార్చాలి? నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంటి ముందరి జాగాలోనో డాబా మీదనో బాస్కెట్ పెట్టుకునేవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఉన్న గొలుసుల వెనక ఇంకో వరస వేయడం, సన్న గొలుసులు తీసేసి దొడ్డువి వేయడం, లేదంటే దీన్ని పక్కన పెట్టి బరువైన కొత్త బాస్కెట్ కొనడం. నూటికి తొంభై ఇండ్లలో మొదటిదే సరైన పని అని నా అభిప్రాయం. రెండోది గెలిచే సందర్భం కూడా ఒకటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ముందు మీ బాస్కెట్ ఎక్కడ తప్పుతోందో చూసుకోండి. 5 మీటర్ల నుంచి 50 సార్లు విసిరి, నిలవని ప్రతి డిస్క్ ఎలా పోయిందో కాగితం మీద గీత పెట్టండి. గొలుసుల సందులోంచి దూరి వెనక్కి పోయినవి ఒక గడిలో, నడిమి పైపుకు కొట్టుకుని ముందుకు ఎగిరి పడినవి ఒక గడిలో, అంచు గొలుసులకు తగిలి పక్కకు జారినవి ఇంకో గడిలో. మొదటి రెండు గడులు నిండితే మందు లోపలి వరసే. మూడోది నిండితే దొడ్డు గొలుసు గురించి ఆలోచించాలి. ఈ లెక్క చూసుకోకుండా హార్డ్‌వేర్ షాపుకు పోయి కిలోల లెక్కన గొలుసు తెచ్చుకుంటే డబ్బు దండగ.

గొలుసుల జోలికి పోకముందే స్టాండు సంగతి చూడాలి. చవక బాస్కెట్ మొత్తం బరువు పది కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. పైన ఇంకో కిలో గొలుసు చేరితే ఏప్రిల్, మే నెలల గాలిదుమారానికి బోర్లా పడుతుంది, పై చట్రం వంగుతుంది. ఒకసారి వంగిన చట్రానికి ఎన్ని గొలుసులు వేసినా సందులు సమానంగా రావు. ప్లాస్టిక్ అడుగు ఉన్నదైతే నీళ్లకు బదులు ఎండిన ఇసుక నింపండి. పది లీటర్ల ఇసుక 16 కిలోల దాకా తూగుతుంది, నీళ్లలాగా ఆవిరి కాదు, కారిపోదు. నాలుగు కాళ్లదైతే పాత టైరు ట్యూబులో ఇసుక నింపి రెండు కొసలు కట్టి కాళ్ల మీద వేయండి. సిమెంటు బస్తాలో పోస్తే మన ఎండకు బస్తా ఒక్క వేసవిలోనే పొడిపొడిగా రాలిపోతుంది. పైపు రెండు మూడు ముక్కల్లో ఉండి అతుకుల దగ్గర ఊగుతుంటే, సైకిల్ ట్యూబు ముక్క లోపల చుట్టి బిగించండి. లేదా అడ్డంగా రంధ్రం చేసి బోల్టు వేయండి.

నేలలోనే పాతుకునే వీలుంటే ఇంకా మంచిది. బాస్కెట్ పైపు వదులుగా దూరే సైజు జీఐ పైపు ముక్కను కాంక్రీటులో నిలబెడితే, అవసరమైనప్పుడు బాస్కెట్ తీసి లోపల పెట్టుకోవచ్చు. చల్క నేలల్లో, మొరం నేలల్లో 45 సెంటీమీటర్ల గుంత చాలు. గద్వాల, ఆలంపూర్ వైపు నల్లరేగడిలో ఆ లోతు చాలదు. వానలకు ఉబ్బి, ఎండలకు పగుళ్లిచ్చే నేల అది, ఏడాది తిరిగేసరికి పైపు ఒరుగుతుంది. అక్కడ 75 సెంటీమీటర్లు దింపి, గుంత అడుగును పైభాగం కంటే వెడల్పుగా తవ్వండి. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు 20 ఎంఎం కంకర. వారం రోజులు తడుపుతూ ఉండాలి.

ఇక అసలు పోటీ. లోపలి వరస వైపు నేను మొగ్గడానికి కారణం సందుల లెక్క. పై చట్రం వ్యాసం 50 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 157 సెంటీమీటర్లు, పన్నెండు గొలుసులకు పంచితే గొలుసుకూ గొలుసుకూ మధ్య 13 సెంటీమీటర్లు. పటర్ (దగ్గరి నుంచి బాస్కెట్‌లోకి విసిరే డిస్క్) వెడల్పు 21 సెంటీమీటర్లే అయినా మందం 2 సెంటీమీటర్లే. కొంచెం వాలుగా వచ్చిందంటే సన్న గొలుసును పక్కకు తోసుకుని దూరిపోతుంది. గొలుసులు కిందికి వచ్చేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి దూరిపోయేవన్నీ దాదాపు పై మూడో భాగంలో తగిలినవే. ఇప్పుడు 25 సెంటీమీటర్ల వ్యాసంతో లోపల ఇంకో రింగు వేసి, దానికి పన్నెండు గొలుసులు తగిలిస్తే అక్కడి సందు ఆరున్నర సెంటీమీటర్లే. పైగా బయటి సందుకు సరిగ్గా వెనక లోపలి గొలుసు పడేలా పెడితే డిస్క్‌కు దారే ఉండదు. పైపుకు తగిలే ముందే ఈ వరస దాని వేగాన్ని మింగేస్తుంది, ముందుకు ఎగిరి పడేవి కూడా తగ్గుతాయి. ఈ ఆటకు ఆద్యుల్లో ఒకడైన ఎడ్ హెడ్రిక్ 1977లో పేటెంట్ పొందిన గొలుసుల బాస్కెట్ నుంచి నేటి ఇన్నోవా కంపెనీ 28 గొలుసుల డిస్‌క్యాచర్ ప్రో దాకా సూత్రం ఇదే. డిస్క్‌ను గోడలా ఆపడం కాదు, దాని వేగాన్ని గొలుసులు పంచుకోవడం.

చేయించే పద్ధతి ఇది. వెల్డింగ్ షాపులో 6 ఎంఎం ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) రాడ్ 79 సెంటీమీటర్లు కోయించి గుండ్రంగా వంచి అతికించమనండి. 25 సెంటీమీటర్ల రింగు వస్తుంది. దాని మీద ఆరున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పన్నెండు గుర్తులు పెట్టండి. రింగును చట్రం ఊచల కింద పెట్టి, గుర్తులు బయటి గొలుసుల మధ్యకు వచ్చేదాకా తిప్పి, అప్పుడు టాకా వేయించండి. తిప్పకుండా అతికించేస్తే రెండు వరసలూ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, సందులు అలాగే మిగులుతాయి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. వెల్డింగుకు ముందు ఆ చోట జింకు పూతను గ్రైండర్‌తో గీకించండి. జింకు పొగ ఆరోగ్యానికి మంచిది కాదు, అతుకు కూడా సరిగ్గా పట్టదు. పని అయ్యాక అతుకుల మీద జింక్ ప్రైమర్ పూయండి.

గొడుగులా మడిచే చట్రమైతే వెల్డింగ్ కుదరదు. రింగును యూ క్లాంపులతో నాలుగు చోట్ల బిగించండి, మడవాల్సి వస్తే విప్పుకోవచ్చు. ప్లాస్టిక్ కేబుల్ టైలతో కట్టవద్దు. తెల్లవి ఎండకు పెళుసెక్కి తెగుతాయి, నల్లవి కొంచెం ఎక్కువ కాలం ఆగుతాయి కానీ అవీ శాశ్వతం కాదు.

గొలుసు 3 ఎంఎందే చాలు, ఇప్పుడున్నదానికి సరిపోయేది చూడండి. ఒక్కోటి 60 సెంటీమీటర్ల చొప్పున పన్నెండుకు ఏడుంబావు మీటర్లు, తరుగుతో కలిపి 8 మీటర్లు తెచ్చుకోండి. తూకం కిలో పైచిలుకు. కోసేటప్పుడు టేపు పెట్టకండి, లింకులు లెక్కపెట్టండి. టేపుతో కోస్తే ఒకటి అటూ ఇటూ అవుతుంది, లెక్కతో కోస్తే పన్నెండూ ఒకటే పొడవు వస్తాయి. గొలుసు తగిలించే ఎస్ కొక్కేలను పట్టకారుతో పూర్తిగా మూసేయాలి. నోరు తెరిచి ఉంటే డిస్క్ కింది నుంచి తగిలినప్పుడు గొలుసు ఊడుతుంది, డిస్క్ అంచు కూడా గీరుకుపోతుంది.

పొడవు ఎంతుండాలన్నది కింది రింగును చూసి తేల్చుకోవాలి. ఇప్పుడు మీ గొలుసులన్నీ కింద ఒక చిన్న రింగులో కలుస్తాయి కదా, ఆ రింగు పైపు చుట్టూ వదులుగా వేలాడాలి. బుట్ట అడుగుకు ఆనకూడదు. డిస్క్ తగలగానే గొలుసు లోపలికి వంగుతుంది, రింగు పైకి లేస్తుంది, ఆ లేవడంలోనే డిస్క్ వేగం చచ్చిపోతుంది. రింగును ఎవరైనా స్క్రూతో పైపుకు బిగించి ఉంటే వెంటనే విప్పండి. బిగిసిన గొలుసు డిస్క్‌ను వెనక్కి తోస్తుంది. ఇప్పుడు లోపలి గొలుసు ఒకటి మాత్రం తగిలించి చూడండి. రింగు ఉన్నచోటి నుంచి కదలకుండా గొలుసు అందిందా? అందితే దానికి ఒక లింకు కలిపి, మిగతా పదకొండూ అదే లెక్కన కోయండి. లోపలి వరస రెండు లింకులు పొట్టిదైనా రింగును పైకి లాగేస్తుంది, బయటి గొలుసులు వదులై ఉబ్బుతాయి, మళ్లీ సందులే. పన్నెండు కొత్త కొసలకు పాత రింగు ఇరుకవుతుంది. పైపు కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ లోపలి వ్యాసంతో 5 ఎంఎం రాడ్ రింగు కొత్తది చేయించి, అతుకు నున్నగా గ్రైండ్ చేయించండి. గరుకుగా ఉంటే పైపుకు పట్టుకుని లేవదు.

దొడ్డు గొలుసు సంగతి. బయటి వరస 12 గొలుసులు, ఒక్కోటి 65 సెంటీమీటర్లు అనుకుంటే 3 ఎంఎంలో కిలో రెండు వందల గ్రాములు, 4 ఎంఎంలో రెండు కిలోల పైన, 5 ఎంఎంలో మూడు కిలోల నాలుగు వందల దాకా వస్తుంది. బరువు పెరిగితే గొలుసు అంత తేలిగ్గా పక్కకు జరగదు, ఆ మేరకు లాభమే. కానీ 13 సెంటీమీటర్ల సందు 13గానే ఉంటుంది, పైపుకు కొట్టుకోవడం తగ్గదు. ఇక 5 ఎంఎం వేస్తే సన్న రాడ్‌తో చేసిన చవక చట్రం కొన్నాళ్లకు అంచుల దగ్గర కిందికి వంగుతుంది.

అది గెలిచేది ఒక్కచోట. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి) విసిరేవాళ్ల డిస్క్ పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. గొలుసుకు తగిలినప్పుడు దాని ముందు అంచు కుడికి కదులుతుంటుంది కాబట్టి గొలుసు దాన్ని ఎడమకు నెడుతుంది. పైపుకు కుడివైపు తగిలితే ఆ నెట్టుడు నడిమికి తెస్తుంది, ఎడమవైపు తగిలితే బయటికి పంపేస్తుంది. ఎడమ అంచున జారిపోయే డిస్కులను లోపలి వరస అందుకోలేదు, అవి దాని దాకా పోవు. మీ కాగితం మీద ఆ గడే నిండుతుంటే బయటి వరసను 4 ఎంఎంకు మార్చడం న్యాయం. ఎడమచేతివాళ్లకు ఇది తిరగబడుతుంది. రెండు పనులూ చేయాలనుకుంటే ముందు లోపలి వరస, తర్వాత బయటిది 4 ఎంఎం. అప్పుడు పైన మోసే బరువు మూడు కిలోల పైనే, కాబట్టి స్టాండులో ఇసుక తక్కువ కాకూడదు.

ఏ గొలుసైనా హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినది) అడగండి. తళతళ మెరిసే పల్చటి పూతది రెండు వానాకాలాలకే జంగు పడుతుంది. మన దగ్గర సముద్రపు గాలి లేదు కాబట్టి గొలుసుల కంటే స్టాండు అడుగే ముందు పోతుంది, ముఖ్యంగా రోజూ వాకిట్లో సాంపి చల్లే ఇండ్లల్లో. కాళ్ల కింద రెండు ఇటుకలు పెడితే సరిపోతుంది. ఇటుకలు పెట్టినా, కాంక్రీటు దిమ్మె వేసినా బుట్ట అంచు ఎత్తు మళ్లీ కొలవండి. పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) కొలత నేల నుంచి అంచు దాకా 82 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు అటూ ఇటూ. 95 దగ్గర రోజూ విసిరి చేతికి అలవాటు చేసుకుంటే అసలు కోర్సులో డిస్కులు ఎత్తుగా పోతాయి.

మిగతా చిట్కాలకు పెద్దగా చెప్పేదేం లేదు. పైపుకు ఏసీ గొట్టాల నల్ల ఫోమ్ చుట్టడం వల్ల ఎగిరి పడటం తగ్గుతుంది. కానీ అసలు బాస్కెట్‌లో నిలవని డిస్కులు కూడా ఇక్కడ నిలుస్తాయి, అది ప్రాక్టీస్ కాదు. గొలుసులను నడుమ అడ్డంగా తీగతో కలిపి కట్టడం ఇంకా అన్యాయం, మొత్తం వల బిగిసి డిస్క్‌ను వెనక్కి కొడుతుంది. బుట్ట అడుగున రబ్బరు మ్యాటు వేసుకుంటే డిస్కులు గీరుకోవు, సప్పుడు తగ్గి పక్కింటివాళ్ల నిద్ర పాడు కాదు. వేసుకోండి.

కొత్త బరువైన బాస్కెట్ ఎవరికంటే, పై చట్రం ఇప్పటికే వంగినవాళ్లకు, లేదా నలుగురైదుగురు కలిసి ఊళ్లో ఒకే చోట శాశ్వతంగా పెట్టుకునేవాళ్లకు. అలాంటప్పుడు స్థానిక వెల్డింగ్ షాపులోనే మొత్తం చేయించుకోవడం కూడా ఒక దారి. కానీ చేసేవాళ్లు ఈ ఆట చూసి ఉండరు కాబట్టి, బొమ్మ ఒక్కటే కాకుండా ఒక పటర్ వెంట తీసుకుపోండి. బుట్ట ఊచలు వాళ్లు ఆ డిస్క్ పెట్టి చూసుకుంటూ సర్దితే, ఊచల మధ్య అంచు ఇరుక్కునే బుట్ట తయారు కాదు.