పళ్ల కొలతకి ప్లాస్టిక్ వెర్నియర్ వద్దు

తిరుపతిలో ఫోరెన్సిక్, డెంటల్ పీజీలు పళ్లని బట్టి మనిషి ఎత్తు లెక్కకట్టాలంటే ముందు చూసేది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆరంగుళాల ప్లాస్టిక్ డిజిటల్ వెర్నియర్‌నే (రెండు కొనల మధ్య పెట్టి వెడల్పు కొలిచే కాలిపర్). ఈ పనికి అది పనికిరాదు.

పళ్లని బట్టి ఎత్తు కట్టే కరేయా పద్ధతి అర్జెంటీనాది, 1920 నాటిది. కింది దవడలో ఒక పక్క మధ్యపన్ను, దాని పక్కపన్ను, కోరపన్ను - ఈ మూడింటి వెడల్పులు కూడితే ఆర్క్. మధ్యపన్నుకి దవడ నడిమి వైపున్న అంచు నుంచి కోరపన్ను వెనకంచు దాకా తిన్నగా కొలిస్తే కార్డ్. దేన్నయినా 94.25తో గుణిస్తే ఎత్తు మిల్లీమీటర్లలో వస్తుంది: ఆర్క్‌తో గరిష్ఠం, కార్డ్‌తో కనిష్ఠం. ఆర్క్ 17.5, కార్డ్ 16.8 మి.మీ. అనుకోండి, ఎత్తు 164.9కీ 158.3కీ మధ్య సెంటీమీటర్లు.

ప్లాస్టిక్‌దాంట్లో పన్నుకి 0.2 మి.మీ. తప్పొచ్చు. మూడు పళ్లూ ఒకే వైపు తప్పితే 0.6, అంటే ఎత్తులో 5.7 సెంటీమీటర్లు గల్లంతు. స్టీలుదాంట్లో తప్పు 0.02, అదే లెక్కకి అర సెంటీమీటరు చిల్లర. మిగిలే డబ్బు కోసం ఇంత తేడా ఒప్పుకోకూడదు.

స్టీలుదైనా కొనలు చూసే తీసుకోండి. మొద్దుగా ఉంటే ఆనుకున్న పళ్ల సందులో దూరవు, వెడల్పు తక్కువ పడుతుంది. సన్నగా సూదిలా ఉన్నది కావాలి. కొలిచే ముందు కొనలు తుడిచి మూసి జీరో చూడాలి, పది రీడింగులకోసారి మళ్లీ చూడాలి. ఎండిన పన్ను ఎనామిల్ చిట్లుతుంది, ఆనించాలే తప్ప నొక్కకూడదు. బతికున్నవాళ్ల అచ్చు తీస్తే, మన ఏప్రిల్ ఎండకి ఆల్జినేట్ (అచ్చు తీసే ముద్ద) ఇట్టే ఆరి కుదించుకుంటుంది. తీసిన పది నిమిషాల్లోపే అందులో స్టోన్ (గట్టిపడే జిప్సం పొడి ముద్ద) పోసెయ్యండి.

ఎంత మంచి వెర్నియరైనా చెయ్యలేనివి కొన్నున్నాయి. అడవిలో దొరికిన దవడల్లో ఒంటి వేరు ముందుపళ్లే ముందు రాలిపోతాయి. విడిగా దొరికితే ఆర్క్ వస్తుంది, కార్డ్ రాదు. పళ్లు వరస తప్పి ఎగుడుదిగుడైతే ఆర్క్ 18, కార్డ్ 15.5 అయిపోయి 169.7, 146.1 వస్తాయి. ఆ రిపోర్టు రాయకపోవడమే మేలు.

పుర్రెని బట్టి ఎత్తు కట్టాలన్నా, పుర్రె పొడవుకి ఈ పరికరం అందదు. పుర్రె పొడవు 17, 18 సెంటీమీటర్లు ఉంటే దీని నోరు 15 దాకే తెరుచుకుంటుంది, లోతు నాలుగే. దానికి వంపు చేతుల స్ప్రెడింగ్ కాలిపర్ వేరే కొనాలి. తొడ ఎముక చేతికొస్తే మాత్రం ముందు దాన్నే కొలవండి, పుర్రెకన్నా పళ్లకన్నా ఎత్తు దగ్గరగా చెప్పేది అదే.